షెనోన్సో: అప్పుల వాళ్ళ కోట

షెనోన్సో కోటని మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. ఫ్రాన్స్‌లో, షెర్ నది మీద, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వంతెనలా పరుచుకుని, కింద కమానుల్లోంచి నీళ్ళు పారుతూ ఉండే తెల్లటి భవనం. పేరుకి కోట గానీ యుద్ధం చేసే మొహం కాదు దానిది. "ఆడవాళ్ళ కోట" అని దానికి పేరు. కట్టించిందీ, పెంచిందీ, కాపాడిందీ ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఆ పేరు సరైనదే. కానీ ఎవరి నుంచి ఎవరికి ఎలా వెళ్ళిందో వరసగా చదువుకుంటూ పోతుంటే నాకు మాత్రం అందులో రాణుల కన్నా అప్పులవాళ్ళే ఎక్కువ కనిపించారు.

మొదట్లో అది మార్క్ అనే కుటుంబానిది. 1412లో జాన్ మార్క్ రాజు మీద తిరగబడ్డాడని వాళ్ళ పాత కోటని తగలబెట్టేశారు. 1430ల్లో మళ్ళీ కోట కట్టుకున్నారు, పక్కనే నదిలో ఒక పిండిమర కూడా. ఆ తర్వాత తరాలవాళ్ళు అప్పుల్లో కూరుకుపోయారు. తొమా బోయే అనే ఆయన, రాజు దగ్గర ఖజానా వ్యవహారాలు చూసే పెద్ద అధికారి, వీళ్ళ భూములు కొన్నేళ్ళ పాటు ముక్కముక్కగా కొనుక్కుంటూ వచ్చి చివరికి 1513లో కోటనే కొనేశాడు. కొన్నాక ఒక్క గోపురం ఉంచి మిగతాదంతా పడగొట్టించాడు. నదిలో పిండిమర ఉన్న పునాది స్తంభాల మీదే కొత్త ఇల్లు లేపారు, 1515 నుంచి 1521 దాకా. ఆయన ఎప్పుడూ రాజుతో పాటు ఇటలీ యుద్ధాల్లో తిరుగుతుండేవాడు, ఇక్కడ మేస్త్రీలతో వేగింది భార్య కాథరీన్ బ్రిసొనే. ఇంట్లో గుండ్రటి మెట్లు కాకుండా, తిన్నగా పైకి వెళ్ళే మెట్లు పెట్టించడం ఫ్రాన్స్‌లో అప్పటికి కొత్త.

ఇల్లు పూర్తయితే తనని అందరూ గుర్తుపెట్టుకుంటారు అనే అర్థం వచ్చే మాట ఒకటి బోయే ఆ గోడల మీద చెక్కించుకున్నాడు. ఇల్లు పూర్తయింది. 1524లో ఆయన ఇటలీలో పోయాడు, రెండేళ్ళకి భార్య కూడా పోయింది. తర్వాత లెక్కలు తీస్తే ఆయన ఖజానాకి బోలెడు బాకీ ఉన్నాడని తేలింది, 1535లో కొడుకు ఆంత్వాన్ దగ్గర్నుంచి మొదటి ఫ్రాన్స్వా రాజు బాకీ కింద ఇల్లు లాగేసుకున్నాడు.

ఇక్కడి నుంచి అందరికీ తెలిసిన కథ. 1547లో రాజైన రెండో హెన్రీ, దాన్ని తన ప్రియురాలు డయాన్ ద ప్వాతియేకి ఇచ్చేశాడు. ఆమె రాజు కన్నా దాదాపు ఇరవై ఏళ్ళు పెద్దది. భార్య కాథరీన్ ద మెదీచి పక్కనే ఉంది, ఆమెకి కూడా ఆ ఇల్లు కావాలి. గైడ్లందరూ ఈ సవతుల పోరు దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం డయాన్‌లో నచ్చింది వేరే. ఆమెకి కాగితాల విలువ తెలుసు. రాజు ఆస్తిని రాజు కూడా ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకూడదని అక్కడ చట్టం. రేపు ఈయన పోతే, వచ్చే రాజు వెనక్కి ఇమ్మంటే ఇచ్చేయాల్సిందే. అందుకని ఏం చేశారంటే, అసలు 1535లో బోయే కొడుకు ఖజానాకి ఇచ్చినదే చెల్లదని వ్యవహారం నడిపారు. అంటే ఇల్లు మళ్ళీ ఆంత్వాన్ బోయేదే అయింది, దాంతో పాటు బాకీ కూడా. బాకీ తీర్చలేదు కాబట్టి జప్తు, జప్తు కాబట్టి వేలం. 1555లో ఆ వేలంలో డయాన్ 50,000 లీవ్ర్‌లకి (అప్పటి ఫ్రాన్స్ డబ్బు) పాడుకుంది. ఇప్పుడది రాజు బహుమతి కాదు, సొంత డబ్బుతో కొనుక్కున్న ఆస్తి! ఈ తెలివికి నేను దండం పెడతాను, పాపం ఆ బోయే కొడుకు సంగతి తల్చుకుంటే మాత్రం జాలేస్తుంది.

నదికి అడ్డంగా వంతెన వేయించింది కూడా ఈవిడే, అవతలి ఒడ్డుకి వెళ్ళడానికి. ఫిలిబేర్ ద లోర్మ్ అనే వాస్తుశిల్పితో కట్టించింది. అదంతా అయ్యేసరికి 1559 జులైలో హెన్రీ పోయాడు, గుర్రాల మీద ఈటెలతో తలపడే పోటీలో ఈటె ముక్క కంట్లో గుచ్చుకుని. ఇక అధికారం కాథరీన్ చేతికొచ్చింది. ఎంత పకడ్బందీగా దస్తావేజులు రాయించుకున్నా అవతల ఉన్నది రాజమాత అయితే ఏం లాభం? అయితే ఊరికే గెంటేయలేదు, బదులుగా షోమోన్ అనే ఇంకో కోట ఇచ్చింది. కాగితాల బలం ఆ మాత్రం పనిచేసిందని నా అనుమానం. డయాన్ అక్కడ ఎక్కువ కాలం లేదు, ఆనేలో ఉన్న తన సొంత కోటకి వెళ్ళిపోయింది.

కాథరీన్ ఆ వంతెన మీద పొడవాటి హాలు కట్టించింది. 60 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 18 కిటికీలు, కింద నది. ఇవాళ మనం ఫొటోల్లో చూసేది ఇదే, అంటే ఇద్దరు సవతుల కట్టడం ఒకదాని మీద ఒకటి. 1560లో ఇక్కడ ఆమె చేసిన సంబరాల్లోనే ఫ్రాన్స్‌లో మొదటిసారి బాణాసంచా కాల్చారని చెబుతారు. ఖర్చుకి లెక్క లేదు. 1589 జనవరిలో ఆమె పోతూ కోటని కోడలు లూయీజ్‌కి రాసిచ్చింది. అప్పులు కూడా.

లూయీజ్ మూడో హెన్రీ భార్య. అత్త పోయిన ఏడు నెలలకే ఆగస్టులో ఒక సన్యాసి రాజుని కత్తితో పొడిచి చంపాడు. రాజుల ఇళ్ళలో విధవలు తెల్లబట్టలు కట్టే ఆచారం కాబట్టి ఈమెకి "తెల్ల రాణి" అని పేరొచ్చింది. పడకగది అంతా నలుపు, దాని మీద వెండి రంగులో కన్నీటి చుక్కల బొమ్మలు. ఆ గది ఇప్పటికీ చూపిస్తారు. ఏడవడానికి కూడా ప్రశాంతత లేకుండా అత్తగారి అప్పులవాళ్ళు వెంటపడ్డారు. చివరికి నాలుగో హెన్రీ ఆ బాకీలు తీర్చాడు, ఊరికే కాదు, తన ప్రియురాలు గాబ్రియెల్ దెస్త్రే కోసం. ఒప్పందం ఏమిటంటే లూయీజ్ కోటని మేనకోడలికి రాసివ్వాలి, ఆ పిల్లని గాబ్రియెల్ కొడుకు సెజార్‌కి ఇచ్చి చెయ్యాలి. పెళ్ళికూతురికి ఆరేళ్ళు, పెళ్ళికొడుక్కి నాలుగు.

ఆ సెజార్ వాళ్ళ వాందోమ్ కుటుంబం దగ్గర కోట వందేళ్ళ పైన ఉంది, చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. 1720లో కొన్న బుర్బోన్ ప్రభువు లోపలి సామానంతా మెల్లగా అమ్ముకున్నాడు, మంచి విగ్రహాలు చాలావరకు వెర్సాయ్‌కి చేరాయి.

1733లో 130,000 లీవ్ర్‌లు పెట్టి కొన్న క్లోడ్ దుపాన్ భార్య లూయీజ్ దుపాన్ ఉందే, ఈ మొత్తం వరసలో నాకు బాగా నచ్చిన మనిషి ఆవిడే. వోల్టేర్, మాంటెస్క్యూ లాంటి పెద్ద రచయితలు ఆమె ఇంటికి కబుర్లకి వచ్చేవారు. రూసో ఆమె దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు, ఇక్కడి భోజనం బాగా పట్టి ఒళ్ళు చేశానని ఆయనే రాసుకున్నాడు. విప్లవం వచ్చి జమీందార్ల ఇళ్ళు తగలబడుతున్నప్పుడు, చుట్టుపక్కల నది దాటడానికి ఉన్న వంతెన ఇదొక్కటే, దీన్ని పడగొడితే మీరే ఇబ్బంది పడతారని చెప్పి ఆపిందట. ప్రార్థన మందిరాన్ని కట్టెల కొట్టుగా మార్చి దాన్నీ కాపాడుకుంది. 1799లో 93 ఏళ్ళ వయసులో పోయింది, సమాధి ఆ తోటలోనే ఉంది.

తర్వాత 1864లో మార్గరీత్ పెలూజ్ కొంది. పారిస్‌లో గ్యాస్ దీపాల వ్యాపారంలో తండ్రి సంపాదించిన డబ్బు. కాథరీన్ చేర్పించిన వాటిలో చాలా తీసేయించి కోటని పాత రూపానికి తెస్తానని పట్టుబట్టింది. మధ్యలో విందులు, సంగీతం. 1879 వేసవిలో పియానో వాయించడానికి జీతానికి పెట్టుకున్న కుర్రాడు, తర్వాత పెద్ద సంగీతకర్త అయిన డెబ్యుస్సీ, అప్పటికి 16 ఏళ్ళు! ఆమె తమ్ముడు డానియెల్ విల్సన్, దేశాధ్యక్షుడి అల్లుడు, ప్రభుత్వ బిరుదులు అమ్ముకుని దొరికిపోయాడు, 1887లో మామగారు పదవి వదులుకోవాల్సి వచ్చింది. అక్క డబ్బు కూడా అయిపోయింది. మళ్ళీ జప్తు. 1891లో తెర్రీ అనే క్యూబా కోటీశ్వరుడు కొన్నాడు.

1913లో చాక్లెట్ల వ్యాపారి ఆంరీ మెనియే కొన్నాడు, అదే ఏడాది పోయాడు. తమ్ముడు గాస్తోన్ మొదటి ప్రపంచయుద్ధంలో కాథరీన్ హాలుని తన ఖర్చుతో ఆసుపత్రి చేశాడు, 2,254 మంది గాయపడ్డ సైనికులకి అక్కడ వైద్యం జరిగింది. రెండో యుద్ధంలో ఇంకా విచిత్రం, జర్మన్ల ఆక్రమణకి సరిహద్దు షెర్ నదే అయింది. కోట ముఖద్వారం ఆక్రమిత ప్రాంతంలో, హాలు చివరి తలుపు అవతలి ఒడ్డున. ఆ తలుపులోంచి చాలామంది తప్పించుకున్నారు.

ఇప్పటికీ మెనియే కుటుంబానిదే. వందేళ్ళు దాటింది. వాళ్ళ అప్పుల గురించి వెతికాను, ఏమీ దొరకలేదు. తొమా బోయే పడగొట్టకుండా వదిలేసిన ఆ గోపురం ముందు ఆవరణలో అలాగే ఉంది, దాన్ని ఇప్పటికీ మార్క్ గోపురం అనే అంటారు.