పైథాన్ 3.9.1 నుంచి 3.9.18కి: నా అనుభవం

మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక సంస్థకి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చూసుకునే చిన్న టీమ్ మాది. మేం కూర్చునేది మాదాపూర్‌లో. గోదాములు కొంపల్లిలో ఒకటి, శంషాబాద్ వైపు ఒకటి. కౌంటర్లు కోఠీలోనూ సికింద్రాబాద్‌లోనూ ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. ఈ ప్రాజెక్టు నా చేతికి వచ్చేసరికి అన్ని చోట్లా పైథాన్ 3.9.1 నడుస్తోంది. అది 2020 డిసెంబరు నాటి వెర్షన్. 2023 చివర్లో, మా క్లయింట్ దగ్గర మందులు కొనే ఒక పెద్ద ఆసుపత్రి సెక్యూరిటీ ఆడిట్ చేయించమని అడిగింది. రిపోర్టులో పైథాన్ గురించే ఒక పేజీ నిండా సీవీఈ నంబర్లు, అంటే బయటపడిన సెక్యూరిటీ లోపాలకి ఇచ్చే గుర్తింపు నంబర్లు, వచ్చాయి. పక్కన ఎర్ర అక్షరాల్లో ‘వెంటనే అప్‌డేట్ చేయాలి’ అని రాశారు.

అప్పటికి 3.9 వరుసలో తాజాది 3.9.18. మా మేనేజర్ గారు లెక్క తేల్చేశారు. “మారేది మూడో అంకే కదమ్మా. శనివారం రాత్రి పెట్టేస్తే సోమవారం కౌంటర్లు తెరిచేసరికి అయిపోతుంది.” నేను కాస్త టైమ్ కావాలన్నాను. ఆయన ఎందుకని అడిగారు. అప్పుడు ఆయనకి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

వెర్షన్‌లో రెండో అంకె మారితే కొత్త ఫీచర్లు వస్తాయి. మూడో అంకె మారితే మరమ్మతులు వస్తాయి. 3.9కి మొదటి ఏడాదిన్నర మామూలు బగ్గులూ సరిచేశారు. 2022 మేలో వచ్చిన 3.9.13తో ఆ దశ అయిపోయింది. ఆ తర్వాత, 3.9 విడుదలై ఐదేళ్లు నిండేదాకా సెక్యూరిటీ ఫిక్సులు మాత్రమే. కొత్త ఫీచర్లు లేవు కాబట్టి మన కోడ్‌కి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నేను కోర్సు చేసిన రోజుల్లో కూడా పైథాన్ 2కీ పైథాన్ 3కీ తేడా గంటలకొద్దీ చెప్పారు గానీ, ఈ మూడో అంకె ఊసే రాలేదు. కానీ సెక్యూరిటీ ఫిక్స్ అంటేనే, నిన్నటిదాకా ఒప్పుకున్న దాన్ని ఇవాళ్టి నుంచి ఒప్పుకోకపోవడం. కాంపౌండ్ గోడకి సందు పడితే అందులోంచి దొంగలే కాదు, దగ్గర దారని ఇంట్లోవాళ్లూ వెళ్తుంటారు. సందు మూస్తే ఇద్దరికీ దారి ఆగుతుంది. మన కోడ్ ఆ సందు వాడుతోందో లేదో ముందే చూసుకోవాలి.

అందుకని 3.9.2 నుంచి 3.9.18 దాకా మార్పుల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. సెక్యూరిటీ అని ఉన్న ప్రతి వాక్యం చదవడం, అందులోని మాడ్యూల్ (ఒక్కో పనికి పైథాన్‌లో ఉండే కోడ్ భాగం) పేరు మా కోడ్‌లో వెతకడం, దొరికితే అక్కడ ఏం జరుగుతోందో చూడటం. విసుగు పుట్టించే పనే, కాదనను. కానీ ఈ పనిలో ఇంతకన్నా విలువైన భాగం ఇంకోటి లేదని నా నమ్మకం.

కొన్ని తొందరగా తేలిపోయాయి. 2022 సెప్టెంబరులో వచ్చిన 3.9.14లో, అంకెలున్న స్ట్రింగ్‌ని (అక్షరాల వరుసని) పూర్ణసంఖ్యగా మార్చడానికి 4300 అంకెల పరిమితి పెట్టారు. సంఖ్యని స్ట్రింగ్‌గా మార్చేటప్పుడూ అదే పరిమితి. అంకెలు రెట్టింపైతే ఈ మార్పిడికి పట్టే సమయం నాలుగు రెట్లవుతుంది. ఎవరైనా లక్షల అంకెల సంఖ్య పంపితే చాలు, సర్వర్ ఆ ఒక్క లెక్కలోనే ఇరుక్కుపోతుంది. మా బిల్లుల్లో అంత పొడుగు సంఖ్యలు ఎక్కడా లేవు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను. 3.9.18లోని టీఎల్ఎస్ (నెట్‌లో వెళ్లే డేటాని రహస్యంగా ఉంచే పద్ధతి) ఫిక్స్ క్లయింట్ సర్టిఫికెట్లు అడిగే సర్వర్లకి ముఖ్యం. మా పైథాన్ కోడ్ ఆ పని నేరుగా చేయదు.

నన్ను ఆపింది 3.9.2లోని ఒక వాక్యం. వెబ్ అడ్రసులో ప్రశ్నార్థకం తర్వాత వచ్చే భాగాన్ని విడదీసే పార్స్ క్యూఎస్ ఫంక్షన్, అంతకుముందు ఆంపర్‌సాండ్ (&)తో పాటు సెమీకోలన్ (;)ని కూడా విభజన గుర్తుగా తీసుకునేది. పాత హెచ్‌టీఎంఎల్ ప్రమాణం అలా తీసుకోమనే సలహా ఇచ్చింది. అయితే వెబ్‌సైట్ ముందుండి, ఒకసారి ఇచ్చిన పేజీని దాచుకుని మళ్లీ ఇచ్చే క్యాష్ సర్వర్లు చాలావరకు ఆంపర్‌సాండ్‌నే చూస్తాయి. ఒకే అడ్రసుని క్యాష్ ఒకలా, పైథాన్ ఇంకోలా చదివితే, ఆ మధ్య తేడాలో దాడి చేసేవాడు ఒక పారామీటర్ దాచి పంపగలడు. వాడికి పోవాల్సిన చెడ్డ పేజీ క్యాష్‌లో చేరి మిగతావాళ్లందరికీ పోతుంది. దీనికి సీవీఈ-2021-23336 అని నంబర్ ఇచ్చారు. 3.9.2 నుంచి ఆంపర్‌సాండ్ ఒక్కటే గుర్తు. సెమీకోలన్ కావాలంటే సెపరేటర్ అనే ఆర్గ్యుమెంట్‌తో (ఫంక్షన్‌కి మనం ఇచ్చే విలువతో) మనమే చెప్పాలి.

మా కోడ్‌లో వెతికితే, డెలివరీ స్టేటస్ అందుకునే ఒక పాత స్క్రిప్టులో ఈ ఫంక్షన్ దొరికింది. సరుకు చేరగానే ఒక ట్రాన్స్‌పోర్ట్ సంస్థ సర్వర్ మాకు కబురు పంపుతుంది. అది ఎలా పంపుతోందో ఏ కాగితంలోనూ రాసి లేదు. దాంతో ఒకే మెషిన్‌లో 3.9.1, 3.9.18 రెండూ పెట్టి, నెల రోజుల లాగ్‌లోని అడ్రసులన్నీ రెండిటికీ ఇచ్చి, ఫలితాలు రెండు ఫైళ్లలో రాయించాం. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు అది నడిపి, “అక్కా, ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు, అంతా ఓకే” అన్నాడు. ఆ రెండు ఫైళ్లనీ పోల్చి చూడమన్నాను. తేడాలు స్క్రీన్ దాటి కిందికి పోతూనే ఉన్నాయి.

ఆ సంస్థ ‘బిల్=4512;స్టేటస్=ఓకే’ అనే పద్ధతిలో పంపుతోంది. పాత పైథాన్‌కి ఇందులో బిల్ ఒకటి, స్టేటస్ ఒకటి కనబడతాయి. కొత్తదానికి ఒక్క బిల్లే కనబడుతుంది, దాని విలువ ‘4512;స్టేటస్=ఓకే’. ఆ పేరుతో బిల్లు మా డేటాబేస్‌లో ఉండదు కాబట్టి స్క్రిప్టు దాన్ని పక్కకి నెట్టి ముందుకి పోతుంది. ఎర్రర్ రాదు, అలర్ట్ రాదు. చేరిన సరుకు చేరనట్టే ఉంటుంది, కోఠీ కౌంటర్‌లో వాళ్లు ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఫోన్లు చేస్తూ ఉంటారు. క్రాష్ అయ్యే మార్పుకి నేను భయపడను, అది తనంతట తనే కనబడుతుంది. ఇలా చప్పుడు చేయకుండా అర్థం మారిపోయేదే నాకు టెన్షన్. సరిచేయడానికి మాత్రం ఒక్క ఆర్గ్యుమెంట్ సరిపోయింది. ఆ సంస్థ ఆంపర్‌సాండ్ అసలు వాడటం లేదు కాబట్టి సెపరేటర్‌గా సెమీకోలన్ ఇచ్చేశాం. రెండూ కలిపి పంపుతూ ఉంటే ఇంత సులువుగా తేలేది కాదు.

చాలా ఫైళ్లని ఒక మూటగా కట్టే టార్ ఫైళ్లతో పనిచేసే టార్‌ఫైల్ మాడ్యూల్ సంగతి దీనికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. కౌంటర్ల నుంచి రాత్రిపూట వచ్చే డేటా టార్ ఫైళ్లుగా వస్తుంది, సర్వర్‌లో ఎక్స్‌ట్రాక్ట్‌ఆల్‌తో విప్పుతాం. టార్ లోపలి ఫైలు పేరులో రెండు చుక్కలూ స్లాష్‌లూ పెట్టి, విప్పే ఫోల్డర్ దాటి బయటెక్కడో రాయించే లోపం 2007 నుంచీ తెలిసిందే. దాని నంబర్ సీవీఈ-2007-4559. 2023 జూన్‌లో 3.9.17కి ఫిల్టర్ అనే కొత్త ఆర్గ్యుమెంట్ వచ్చింది. దానికి ‘డేటా’ అని ఇస్తే ఇలాంటి పేర్లని ఆపుతుంది. అయితే పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని 3.9లో డిఫాల్ట్‌ని మార్చలేదు. డిఫాల్ట్‌గా ఆ రక్షణ వచ్చింది 3.14లోనే. అంటే 3.9.18 పెట్టుకున్నంత మాత్రాన మాకు ఒరిగేది ఏమీ లేదు, ఆ ఆర్గ్యుమెంట్ మేం రాయాల్సిందే. ఆడిట్ రిపోర్టులో ఈ ముక్క లేదు. స్కానర్ వెర్షన్ నంబర్ చూసి పచ్చ గుర్తు పెట్టేసేది, లోపం మాత్రం అక్కడే ఉండేది. ఎక్స్‌ట్రాక్ట్‌ఆల్ ఉన్న ప్రతి చోటా ఫిల్టర్ రాశాం.

తర్వాత బిల్డ్, అంటే సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాముని తయారుచేయడం. 3.9.13 తర్వాత 3.9కి ఇన్‌స్టాలర్లు ఇవ్వలేదు, సోర్స్ మాత్రమే ఇచ్చారు. సర్వర్లు ఉబుంటు లినక్స్ 20.04 మీద ఉన్నాయి కాబట్టి అక్కడ సోర్స్ నుంచి కంపైల్ చేశాం. మేక్ ఇన్‌స్టాల్ కాకుండా మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడాలి. లేదంటే పైథాన్3 అనే పేరు కొత్తదానికి తగిలి, ఉబుంటుతో పాటే వచ్చే సిస్టమ్ పైథాన్‌ని నమ్ముకున్నవి తికమక పడతాయి. ఇంకో జాగ్రత్త. ఏ లైబ్రరీ ఫైళ్లయినా లేకపోతే బిల్డ్ ఆగదు. చివర్లో, బిల్డ్ కాని మాడ్యూళ్లు ఇవీ అని చిన్న జాబితా చూపించి ముగిసిపోతుంది. మా టెస్ట్ మెషిన్‌లో ఆ జాబితాలో, సీ భాష లైబ్రరీలని పిలవడానికి వాడే సీటైప్స్ కనబడింది. లిబ్‌ఎఫ్ఎఫ్ఐ డెవ్ ప్యాకేజీ వేసి మళ్లీ కట్టాం. పాత 3.9.1ని చెరపకుండా కొత్తదాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టి, దానికి కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (లైబ్రరీలని విడిగా ఉంచే ఫోల్డర్) కట్టాం. తేడా వస్తే వెనక్కి మళ్లడానికి సర్వీస్ ఫైలులో ఒక్క దారి మారిస్తే చాలు.

కోఠీ, సికింద్రాబాద్ కౌంటర్లలో ఉన్నవి విండోస్ మెషిన్లు. వాటికి 3.9.18 ఇన్‌స్టాలర్ లేదు, విండోస్ మీద సొంతంగా కంపైల్ చేసే ఓపిక, అవసరం మాకు లేవు. వాటిని నేరుగా 3.11కి మార్చేశాం. కౌంటర్ ప్రోగ్రాము చిన్నది, పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

అన్ని చోట్లా ఒకేసారి పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. మూడో అంకె వెర్షన్లలోనూ పొరపాట్లు దొర్లుతాయి. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 3.9.3ని, 32 బిట్ మెషిన్లలో సీ ఎక్స్‌టెన్షన్లతో (సీ భాషలో రాసిన మాడ్యూళ్లతో) పొసగక వెనక్కి తీసుకున్నారు, రెండు రోజుల్లో 3.9.4 ఇచ్చారు. అందుకే ముందు కొంపల్లి గోదాము ఒక్కటే, అదీ లోడింగ్ లేని ఆదివారం.

పెట్టిన కాసేపటికే అక్కడి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. “మేడం, స్టిక్కర్లు వస్తలేవు. ప్రింటర్ అయితే ఆన్‌లనే ఉంది.” లాగ్ తెరిస్తే, 192.168.010.025 అనేది ఐపీ అడ్రసులా లేదని ఎర్రర్. మొదట చూడగానే ఎవరికైనా ఆశ్చర్యమే, కళ్లెదుట ఐపీ అడ్రసే ఉంది కదా. 3.9.5లో ఐపీఅడ్రస్ మాడ్యూల్, ముందు సున్నాలున్న అంకెల్ని తిరస్కరించడం మొదలుపెట్టింది. ఆ వాక్యం నేను చదివాను, కోడ్‌లో వెతికాను, అలాంటి అడ్రసు ఒక్కటీ లేదు. ఉన్నది గోదాము మెషిన్‌లోని సెట్టింగ్స్ ఫైలులో. అది మా కోడ్ దాచుకునే గిట్‌లో ఉండదు. లేబుల్ ప్రింటర్ తన చిన్న తెర మీద మూడేసి అంకెలుగా చూపిస్తుంది, దాన్ని బిగించినవాళ్లు చూసింది చూసినట్టు రాసుకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు, అన్నాళ్లూ చక్కగా పనిచేసింది.

సున్నాలని ఎందుకు కాదన్నారో ఆ అడ్రసు మీదే చూడొచ్చు. పాత పైథాన్ 010ని పది అని చదివేది, 025ని ఇరవై ఐదు అని. నెట్‌వర్క్ కోడ్‌లో చాలా చోట్ల, ముందు సున్నా ఉంటే ఆక్టల్ (పదికి బదులు ఎనిమిది ఆధారంగా రాసే సంఖ్య) అని లెక్క. అప్పుడు 010 అంటే ఎనిమిది, 025 అంటే ఇరవై ఒకటి. ఒకే అడ్రసు ఒకచోట 192.168.10.25, ఇంకోచోట 192.168.8.21. ఫలానా అడ్రసుకి వెళ్లొద్దని తనిఖీ చేసే కోడ్ ఒకలా చదివి, కనెక్ట్ అయ్యే కోడ్ ఇంకోలా చదివితే ఆ తనిఖీకి అర్థమే లేదు. 3.8లో ఈ సున్నాల నిబంధన తీసేశారు, 3.9.5లో మళ్లీ పెట్టారు. పెట్టడమే సరైనదని నేను గట్టిగా అంటాను, మా ప్రింటర్ ఆగినా సరే. ఐపీవీ4అడ్రస్ క్లాసుని నేరుగా పిలిస్తే, ముందు సున్నాలు కుదరవని స్పష్టంగా చెబుతుంది. మా కోడ్ వాడేది ఐపీ_అడ్రస్ ఫంక్షన్‌ని, అది ఆ కారణాన్ని మింగేసి ‘అడ్రసులా లేదు’ అని మాత్రమే అంటుంది.

సున్నాలు తీసేయగానే స్టిక్కర్లు వచ్చాయి. ఆ వెంటనే శంషాబాద్ సెట్టింగ్స్ ఫైలు ఫొటో తీసి పంపమన్నాను. అక్కడా ప్రింటర్లకి అదే తీరు. అక్కడి మార్పు పెట్టేముందే అవి సరిచేయించాం.

మళ్లీ స్కాన్ చేస్తే ఇంకో పేచీ వచ్చింది. సర్వర్‌లోని సిస్టమ్ పైథాన్ 3.8.10 అని చూసి, అదీ పాతదే అని రాశారు. ఉబుంటు వాళ్లు వెర్షన్ నంబర్ మార్చరు, సెక్యూరిటీ ఫిక్సుల్ని పాత వెర్షన్‌లోకే తెచ్చి ప్యాకేజీ నంబర్ చివర్లో ఆ సంగతి రాస్తారు. ప్యాకేజీ పూర్తి నంబరూ, ఉబుంటు సెక్యూరిటీ నోటీసులూ పక్కపక్కన పెట్టి పంపితే ఆడిట్ వాళ్లు ఒప్పుకున్నారు. తొందరపడి దాన్ని కూడా మార్చి ఉంటే ఉబుంటు టూల్స్ సగం ఆగిపోయేవి.

2025 అక్టోబరుతో 3.9కి సెక్యూరిటీ ఫిక్సులు కూడా ఆగిపోయాయి. మేం అంతకుముందే సర్వర్లని 3.12కి మార్చుకున్నాం. ఆ ఏడాది జూన్‌లో టార్‌ఫైల్ ఫిల్టర్‌లోనే లోపాలు బయటపడి 3.12.11 వచ్చింది. జాబితా చదివాం, లాగ్‌లు రెండు వెర్షన్లకీ ఇచ్చి ఫలితాలు పోల్చాం, గోదాముల నుంచి సెట్టింగ్స్ ఫైళ్లు ముందే తెప్పించుకున్నాం. కొంపల్లిలో ఆదివారం పెట్టి, బుధవారానికి మిగతా చోట్ల పెట్టేశాం.