ఆదివారం సాయంత్రం, డూగాంగ్

మధ్యాహ్నం ములక్కాడ సాంబారు తిని నడుం వాల్చాను. లేచేసరికి సాయంత్రమైంది. బయట ముసురు, మిద్దె మీది బట్టలు ఆరీ ఆరకుండానే తెచ్చి పడేశాను. మడతపెడుతూ చూద్దామని 'లాంగ్ వీకెండ్' పెట్టాను. 1978 నాటి ఆస్ట్రేలియా సినిమా, తీసింది కోలిన్ ఎగల్‌స్టన్. హారర్ అనగానే మా ఆయన కూడా వచ్చి కూర్చున్నారు.

పీటర్, మార్సియా భార్యాభర్తలు. ఇద్దరికీ పొసగడం లేదు. ఎవరూ లేని బీచ్‌లో గుడారం వేసుకుని నాలుగు రోజులుంటే అన్నీ సర్దుకుంటాయని అతని ఆశ. ఆవిడ హోటల్‌కి వెళ్దామంటుంది. దారిలో కంగారూను గుద్దుతాడు. వెలుగుతున్న సిగరెట్ పీక కారులోంచి బయటికి విసురుతాడు. అక్కడికి చేరాక ఊరికే చెట్టు నరుకుతాడు, ఊరికే తుపాకీ పేలుస్తాడు. ఆవిడ చీమల మీద మందు కొడుతుంది. చాలాసేపు జరిగేది ఇంతే. మా ఆయన "దెయ్యం ఎప్పుడొస్తుంది?" అని అడుగుతూనే ఉన్నారు.

దెయ్యం రాదు. నీళ్లలో ఏదో నల్లగా కనబడితే సొరచేప అనుకుని పీటర్ కాల్చేస్తాడు. తీరా అది డూగాంగ్, మనం సముద్రపు ఆవు అంటామే, అది. గడ్డి మేసుకు బతికే సాధు జీవి. కళేబరం ఒడ్డుకు కొట్టుకొస్తుంది. తర్వాత చూస్తే గుడారానికి ఇంకాస్త దగ్గర్లో ఉంటుంది. ఇంకోసారి చూస్తే ఇంకా దగ్గర. అలలు తెచ్చాయా, అదే పాక్కుంటూ వస్తోందా, సినిమా చెప్పదు. నా చేతిలో దిండు గలేబు అలాగే ఉండిపోయింది. రక్తం చూపించి భయపెట్టేవాళ్లు ఈ ఒక్క బొమ్మ చూసి నేర్చుకోవాలి.

అయినా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వాళ్ల మాటలే. ఉప్పు అందించమన్నా పోట్లాటే. ఆవిడకి ఇంకొకరితో సంబంధం ఉందనీ, గర్భం తీయించుకుందనీ మెల్లగా బయటపడుతుంది. రాత్రిళ్లు ఎక్కడో పసిబిడ్డ ఏడ్చినట్టు అరుపు వినబడుతుంది. ఇక్కడే నాకు కాస్త మింగుడు పడలేదు. అతను సరదాకి చేసిన హత్యల్నీ, ఆవిడ తీయించుకున్న గర్భాన్నీ ఒకే తక్కెడలో వేసినట్టుంది. ఆ నిర్ణయం వెనక ఆవిడ ఏం పడిందో అడిగే ఓపిక కథకు లేదు. గద్ద గుడ్డును ఆవిడ చెట్టుకేసి కొట్టే చోట కూడా అంతే, చూపు ఆవిడ మీద మరీ కఠినంగా పడుతుంది. ఈ మాట అంటే మా ఆయన, "ఇద్దరికీ శిక్ష సమానంగానే పడింది కదా" అన్నారు. పడింది, నిజమే. ఎవరి చేతిలో ఎవరు పోతారో ఇక్కడ రాయను. తప్పు సమానమా అన్నదే నా ప్రశ్న.

రాత్రి చపాతీలు చేస్తూ కూడా దీని మీదే వాదించుకున్నాం. చపాతీ ఒకటి మాడింది.

రచయిత ఎవరెట్ డి రోష్ ఈ కథనే 2008లో మళ్లీ సినిమాకి రాశాడు, దర్శకుడు జేమీ బ్లాంక్స్. ముప్ఫై ఏళ్లలో మార్సియా మీద రచయితకు ఏమైనా జాలి పుట్టిందేమో, వచ్చే వారం అది పెట్టి చూడాలి.