జాబితాలో పదకొండో పేరు

స్వర్ణోత్సవ సంచికకు రెండు పేజీలు మించకుండా, చదివినవాళ్లు నవ్వుకునేలా ఏదైనా రాసి పంపమని కమిటీవారు నాకు మూడుసార్లు కబురు చేశారు. మూడోసారి మనకు చదువు చెప్పిన ఉపాధ్యాయుల జాబితా కూడా జతచేసి, తప్పులుంటే సరిదిద్దమన్నారు. నిజానికి ఏడో బెంచీ సంగతులో, మామిడితోపు పంచాయితీయో, లెక్కల మాస్టారి గొడుగు చరిత్రో రాద్దామనే కూర్చున్నాను. గొడుగు ఏమైందో తెలిసిన ఏకైక వ్యక్తి ఇప్పుడు కెనడాలో మనవల్ని ఆడిస్తున్నాడు కనుక ఆ బాధ్యత వాడికే వదిలేస్తున్నాను. జాబితా చదువుతూ పదకొండో వరుసకు వచ్చేసరికి, పేరు ఉండవలసిన చోట "చైనా మాస్టారు, డ్రిల్లు" అని కనబడింది. తక్కిన ఇరవై ఇద్దరికీ ఇంటిపేరుతో సహా పేర్లు ఉన్నాయి.

టైపు చేసినవాడిని నేను తప్పుపట్టడం లేదు. మనలో ఎవరమూ ఆయనను ఏనాడూ మరో పేరుతో పిలవలేదు. కుడి పాదాన్ని కొంచెం పక్కకు విసిరినట్టు వేసే ఆయన నడకను మన బ్యాచిలో అందరికన్నా బాగా అనుకరించినవాడు ఎవరో చెప్పనక్కరలేదు. వాడు ఆ విద్యకు వార్షికోత్సవంలో సబ్బుపెట్టె బహుమతిగా కూడా అందుకున్నాడు, మాస్టారు రెండో వరుసలో కూర్చుని చూస్తుండగానే. చైనావాళ్లు ఆయనకు డబ్బిచ్చి, కాలు విరగ్గొట్టి పంపారని మనం చెప్పుకునేవాళ్లం. డబ్బిచ్చినవాడు కాలెందుకు విరగ్గొడతాడన్న అనుమానం లెక్కల్లో నూటికి నూరు వచ్చినవాడికి కూడా కలగలేదు.

ఊరు ఆయన మీద మోపిన నేరం మనం పుట్టిన కొత్తల్లోనిది. 1962 నవంబరులో, చైనాతో యుద్ధం జరుగుతుండగా, సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఉన్న ఆయన కనిపించడం లేదని ఇంటికి తంతి వచ్చింది. మన స్కూలు హాల్లోనే సంతాప సభ పెట్టి, పటాలం దుస్తుల్లో ఉన్న ఆయన ఫొటోకు దండ వేశారు. జాతీయ రక్షణ నిధికి చేతి గాజులు తీసి ఇచ్చిన ఆడవాళ్లు ఆయన పేరు తలచుకుని మరీ ఇచ్చారని మా అమ్మ చెప్పేది. 1963 వేసవిలో ఆయన రైలు దిగి, స్టేషను నుంచి నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చారు. వారం తిరక్కుండానే ఆ ఫొటోను హాల్లోంచి తీసి, ప్యూను చేత వాళ్లింటికి పంపించేశారు.

వైర్‌లెస్ పని తెలిసినవాడు కనుక రహస్య సంకేతాలన్నీ శత్రువుకు చెప్పేసి ప్రాణం దక్కించుకున్నాడని, ఆ సంగతి బయటపడబట్టే రాంచీలో విచారణ జరిగిందని ఊరు నిర్ణయించుకుంది. విచారణ అన్న ఆ ఒక్క మాట ఎవరి నోటి నుంచి జారిందో గాని, కోర్టు తీర్పులా నిలబడిపోయింది. చైనా చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లను, బ్రిగేడ్ కమాండర్ జాన్ దాల్వీతో సహా, అలాగే కూర్చోబెట్టి అడిగారని నేను ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను. ఆ యుద్ధంలో బందీలైన మనవాళ్లు 3,968 మంది. రాంచీ నుంచి సెలవు మీద ఊళ్లకు చేరిన వీళ్లందరినీ అక్కడి వీధి అరుగులు ఏమని పలకరించాయో ఎవరూ రాసి పెట్టినట్టు లేదు.

మాస్టారు తనంత తానుగా చెప్పినవి నాలుగు ముక్కలకు మించవు. మిగిలినది నేను పుస్తకాల నుంచి కూడబలుక్కున్నాను. తవాంగ్‌కు పడమటి దిక్కున, భూటాన్ పొలిమేరలో నామ్‌కా చూ అనే కొండవాగు ఉంది. మన 7వ పదాతి బ్రిగేడును ఆ వాగు గట్టున నిలబెట్టారు. ఎదుట తాగ్‌లా కొండవరుస మీద నుంచి చైనా సైన్యం వాళ్లను అరచేతిలో గింజల్లా చూస్తూ ఉంది. మనవాళ్లలో చాలామందికి ఒంటి మీద నూలు బట్టలు, కాళ్లకు కాన్వాసు బూట్లు, చేతిలో త్రీ నాట్ త్రీ తుపాకి, మనిషికి యాభై తూటాలు. 1962 అక్టోబరు 20 తెల్లవారుజామున ఫిరంగులు మొదలయ్యాయి. 2వ రాజపుత్ పటాలంలో ఆ గట్టున ఉన్న 513 మందిలో 282 మంది పొద్దెక్కేలోగా పోయారు. మాస్టారి మాటల్లో అయితే ఇదంతా ఇంతే: "తెల్లారకముందే తీగ తెగిందిరా. వెతుక్కుంటూ వెళ్లాను. అవతలి కొస దొరకలేదు." టెలిఫోను తీగ పట్టుకుని వాగు వెంట పాకుతూ పోయిన మనిషి ఆ రోజు మధ్యాహ్నానికి బందీ అయ్యాడు. కుడి పాదానికి ఉండవలసిన వేళ్లలో రెండు, ఆ తరువాత నడిపించిన మంచు కనుమల్లో పోయాయి. మనం అనుకరించి సబ్బుపెట్టె గెలుచుకున్నది ఆ నడకను.

పదిహేనేళ్ల సర్వీసు ముగించుకుని 1968లో శాశ్వతంగా ఊరికి వచ్చి, మరుసటి ఏడు మన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరారు. మనం ఆరో తరగతిలో అడుగు పెట్టే నాటికి ఆయన ఊళ్లో ఉన్నారే గాని ఊరితో లేరు. ఆగస్టు పదిహేనుకు నెల రోజులు మనచేత కవాతు చేయించేది ఆయనే అయినా వేదిక మీద కుర్చీ ఆయనకు ఏనాడూ పడలేదు. మైదానం చివర వేపచెట్టు కింద ఈల మెడలో వేసుకుని నిలబడేవారు.

ఇప్పుడు ఈ వ్యాసానికి అసలు కారణమైన సంగతి చెబుతాను. యాభై నాలుగేళ్లుగా ఇది నేను మీలో ఎవరికీ చెప్పలేదు. ఏడో తరగతిలో స్కౌట్ల పేరు మీద మాస్టారు మాలో ఐదుగురికి మోర్సు సంకేతాలు నేర్పడం మొదలుపెట్టారు. విరిగిన రంపపు బ్లేడు ముక్క, రెండు బ్యాటరీలు, ఒక టార్చి బల్బు కలిపి చెక్క మీద బిగించి మీట తయారు చేశారు. రాగి తీగ మీది తొడుగును ముందుపళ్లతో పట్టి, తల ఒక్కసారి పక్కకు తిప్పి ఒలిచేవారు. తీగకు గీత కూడా పడేది కాదు. ఏళ్ల తరబడి అదే పని చేయడం వల్ల ఆయన పైపంటికి చిన్న నొక్కు ఉండేది. తక్కిన నలుగురూ నెల తిరక్కుండానే మానేశారు, మీరెవరో మీకు తెలుసు. నేను మాత్రం మా మేడ మీద నుంచి, నాలుగు ఇళ్ల అవతల ఉన్న వాళ్ల సున్నపు గోడ మీదికి టార్చి వేసి అక్షరాలు కొట్టేవాణ్ణి. ఆయన వసారాలో మడతకుర్చీలో కూర్చుని, తప్పు కొడితే లాంతరు మీద అట్టముక్క అడ్డం పెట్టి తీసి సరిచేసేవారు.

అంతలో 1971 డిసెంబరు యుద్ధం వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం రేవు బయట పాకిస్తానీ జలాంతర్గామి గాజీ మునిగిపోయింది. ఆ వార్త రేడియోలో వచ్చిన తరువాత మన ఊరు ఎంత హడలిపోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అతికించాం, అనకాపల్లి బెల్లం బళ్లు చీకటి పడకముందే ఇళ్లు చేరాయి, ఒక జలాంతర్గామి వచ్చిందంటే వెనక రెండోది ఉండే తీరుతుందని టీకొట్టు దగ్గర లెక్కలు కట్టారు. సముద్రానికీ మన ఊరికీ నడుమ పదిహేను మైళ్ల దూరం, ఒక కొండ అడ్డం ఉన్నాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

దీపాలు ఆర్పేసిన ఆ రాత్రుల్లో ఒక రాత్రి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, అంత చీకట్లో వెలుగు ఎంత చక్కగా కనబడుతుందో చూడాలన్న దుగ్ధ తప్ప వేరే కారణం లేదేమో, నేను టార్చి తీసుకుని మేడెక్కి ఆయన గోడ మీద నా పేరు కొట్టాను. సగం పేరు కొట్టేసరికే వీధిలో అరుపులు వినబడ్డాయి. పది నిమిషాల్లో ముప్పై మంది దాకా కర్రలతో ఆయన వాకిట్లో ఉన్నారు. వాళ్లలో మా నాన్న ఉన్నారు, మీలో చాలామంది నాన్నలూ ఉన్నారు. టార్చిని బనీను కింద దాచుకుని పిట్టగోడ వెనక కూర్చున్నాను. బల్బు వేడి పొట్టకు తగులుతూనే ఉంది.

ఎవరికి సంజ్ఞలు పంపుతున్నావని అడిగారు. ఆయన వసారా మెట్టు మీద నిలబడి, "నేనే వేశాను, బ్యాటరీ సరిచూసుకున్నాను," అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు. కానిస్టేబులు ట్రాన్సిస్టరుకు లైసెన్సు అడిగితే పోస్టాఫీసు స్టాంపులన్నీ సక్రమంగా అంటించిన పుస్తకం తెచ్చి చూపించారు. అయినా ట్రాన్సిస్టరునూ టార్చినీ పట్టుకుపోయారు. కిటికీ నుంచి వేపకొమ్మకు కట్టిన ఏరియల్ తీగను ఎవరో కొడవలితో కోశారు. అందరూ వెళ్లిపోయాక ఆయన ఆ చీకట్లోనే, తెగిన తీగను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్ట చుట్టుకుంటూ వాకిలంతా తిరిగారు.

మర్నాడు డ్రిల్లు పీరియడుకు నేను కడుపునొప్పి అన్నాను. ఆయన నన్ను వేపచెట్టు దగ్గరికి పిలిచి, అటూ ఇటూ చూసి, "ఒరే, ఆర్ కొట్టేటప్పుడు మధ్య గీత సాగదియ్యాలి. అది పొట్టిదయితే ఎస్ అయిపోతుంది. నువ్వు రాత్రి ఎస్ కొట్టావు," అన్నారు. నేను ఏడవబోతుంటే ఈల ఊది నన్ను వరుసలోకి తోలారు. ట్రాన్సిస్టరు సంక్రాంతి దాటాక తిరిగి వచ్చింది. ఆ జనవరి 26న, తూర్పు సరిహద్దు నుంచి సెలవు మీద వచ్చిన మన ఊరి జవానుకు శాలువా కప్పారు. దండలు మోసుకొచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. వేదిక మీదికి మనచేత వందనం చేయించినది ఎవరో మీకు తెలుసు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి నాకు చెప్పుకోదగ్గదేదీ జ్ఞాపకం లేదు. పదో తరగతి 1975లో మీ అందరితో పాటే గట్టెక్కాను. 1980లో తంతి శాఖలో చేరినప్పుడు శిక్షణలో మొదటి రోజునే మోర్సు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నా ఆర్ విని మా శిక్షకుడు ఇది పటాలం చెయ్యి అన్నాడు. టెలిగ్రాఫిస్టుగా మొదలై, 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో ఒకేసారి 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకున్న నాడు సబ్ డివిజనల్ ఇంజినీరుగా బయటికి వచ్చాను. 2013 జులై 14న తంతి సేవల ఆఖరి రాత్రి నేను ఉన్నది కౌంటరుకు లోపలి వైపు. తమకు తామే తంతులు ఇచ్చుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లతో వరండా నిండిపోయింది. మా ఇద్దరు పిల్లలు నా వృత్తిని మ్యూజియం సరుకు అంటారు గాని, వాళ్ల చదువులు నడిచింది దాని మీదే.

నడుమ నాలుగేళ్లు తాడేపల్లిగూడెంలో పనిచేశాను. పక్కనే మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండోదానికి 1,110 మందిని పంపామని అక్కడివాళ్లు చెబుతారు. టెలిఫోను కనెక్షను పని మీద ఒక ఇంటికి వెళితే అరుగు మీది ముసలాయన నన్ను ఏ ఊరని గాని, ఏ కులమని గాని అడగకుండా, మీ ఇంట్లో ఏ రెజిమెంటు అని అడిగారు. మా మాస్టారు సిగ్నల్స్ అండీ, అరవైరెండులో చైనాకు చిక్కారు, అన్నాను. ఆయన కాసేపు ఆగి, "కాళ్లు దక్కాయా?" అన్నారు. మన ఊళ్లో అన్నేళ్లలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. ప్రతి గడపలోనూ ఒక పటాలం మనిషి ఉన్న ఊళ్లో పుట్టి ఉంటే మాస్టారి సంగతి వేరుగా ఉండేదేమో. అప్పట్లో మన ఊళ్లో ఆయన ఒక్కరే.

1992లో ఆయన రిటైరయిన నెలకు పంచెల చాపు పట్టుకుని వెళ్లాను. ఆ రాత్రి నా పేరు ఎందుకు బయటపెట్టలేదని అప్పటికి అడగగలిగాను. ఆయన పంచెల అంచు వేళ్లతో సవరిస్తూ, "నీకు పన్నెండేళ్లురా. నాకా, అప్పటికే పేరుంది," అన్నారు. కాఫీ తాగి వచ్చేశాను.

ఆ యుద్ధంలో తప్పులు ఎక్కడ జరిగాయో తేల్చడానికి 1963లో హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు అధికారులు తయారుచేసిన నివేదికను ప్రభుత్వం నేటికీ బయటపెట్టలేదు. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగాన్ని అంతర్జాలంలో ఉంచితే రెండు రాత్రులు కూర్చుని చదివాను. పైవాళ్ల సంగతి ఇంతకాలం బీరువాలో ఉంది గాని, కిందివాడి సంగతి మన టీకొట్టు దగ్గర ఒక వేసవిలోనే తేలిపోయింది.

మాస్టారు పోయాక ఆయన భార్య, మా పిన్నిగారు, రేకుపెట్టె తెరిచి ఆయన డిశ్చార్జి పుస్తకం నా చేతిలో పెట్టారు. నడవడి అన్న చోట ఇంగ్లీషులో "ఎగ్జెంప్లరీ" అని చేతిరాతతో ఉంది, అంటే అంతకు పైన రాయడానికి మరో మాట లేదన్నమాట. వాకిట్లోకి కర్రలతో వచ్చిన రాత్రి కూడా అది ఆ పెట్టెలోనే ఉంది. లైసెన్సు పుస్తకం చూపించారు గాని దీన్ని తీయలేదు.

కమిటీవారికి నా మనవి ఇది. పదకొండో వరుసలో వేయవలసిన పూర్తి పేరు, ఇంటిపేరు, హోదా, ఆర్మీ నంబరు విడిగా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను. ముందు జాబితాలో సరిగా పడాలని ఈ వ్యాసంలో కావాలనే ఎక్కడా రాయలేదు. ఉపాధ్యాయుల ఫొటోల పేజీకి ఆయనది దొరకలేదని రాశారు. పిన్నిగారి దగ్గర ఒకటే ఉంది, 1962లో మన స్కూలు హాల్లో దండ వేసినది. ఫ్రేముతో సహా తెచ్చి ఇస్తాను. అద్దం మీద ఆనాటి గంధం బొట్టు మరక గట్టిపడి ఉంది, గోకితే గీతలు పడతాయి. స్కాను చేసేవాణ్ణి అద్దం తీసి చేయమనండి.