ఫ్రెంచ్ పౌరసత్వం ఇంటర్వ్యూ గట్టెక్కించిన జర్మన్ మాస్టారు

నేను ఫ్రాన్స్‌లో నాంత్ అనే ఊళ్లో ఉంటాను. ఫ్రెంచ్ పౌరసత్వానికి అప్లై చేసినప్పుడు భాష సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం, దాని అనువాదం లాంటివి ఓపిగ్గా తిరిగితే అయిపోయాయి. టెన్షన్ అంతా ఇంటర్వ్యూ గురించే. మేయర్ని ఎవరు ఎన్నుకుంటారు, ప్రధానిని ఎవరు నియమిస్తారు, ఎవరి పదవి ఎన్నేళ్లు... వాళ్లిచ్చే పుస్తకం ఎంత బట్టీ పట్టినా ఒకదాంతో ఒకటి కలిసిపోయేవి.

అప్పుడు మా ఊరి మాజీ మేయర్ జాన్-మార్క్ ఎరో కథ పట్టుకున్నాను. బట్టల మిల్లు కార్మికుడి కొడుకు, బళ్లో జర్మన్ చెప్పే టీచరు. 1977లో పక్కనే ఉన్న సాంత్-ఎర్బ్లాన్‌కి 27 ఏళ్లకే మేయర్ అయ్యారు. జనం ఓటేసేది కౌన్సిలర్ల జాబితాకి, మేయర్ని ఎన్నుకునేది ఆ కౌన్సిలర్లు, పదవి ఆరేళ్లు. ఇదంతా ఆయనతో కలిపి చదివాక మళ్లీ మర్చిపోలేదు. నన్ను బాగా ఆకట్టుకున్నదేంటంటే, మేయర్‌గా ఉంటూనే 1986లో పార్లమెంటుకి గెలిచేదాకా ఆయన పాఠాలు చెప్పడం. మా నాన్న గవర్నమెంటు టీచరు, ఊళ్లో అందరూ నిలబడమన్నా మన రూల్స్ ప్రకారం ముందు రాజీనామా చేయాలి కాబట్టి ఆ ఊసే ఎత్తలేదు. ఇక్కడైతే ఉద్యోగాన్ని పక్కనపెట్టి గెలిచిన పదవి చూసుకుని, అది అయిపోయాక మళ్లీ బడికి వెళ్లొచ్చు. ఫ్రెంచ్ రాజకీయాల్లో ఇంతమంది టీచర్లు ఉండటానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం.

1989లో నాంత్ మేయర్ అయ్యారు. రెండేళ్ల ముందే ఓడల యార్డు మూతపడి ఊరు దిగాలుగా ఉంది. ఆ యార్డు ఉన్న చోటే ఇప్పుడు జనాన్ని వీపున ఎక్కించుకుని ఓ పెద్ద యంత్రపు ఏనుగు నడుస్తుంటుంది, మా పిల్లలకి అదంటే ప్రాణం. 2012 దాకా ఆయన మేయరూ, పార్లమెంటు సభ్యుడూ రెండూ. ఆ ఏడాది అధ్యక్షుడు ఒలాంద్ ఆయన్ని ప్రధానిగా నియమించారు. ఇలా రెండు పదవులు కలిపి చేయకూడదని 2014 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది కూడా ఆయన ప్రభుత్వంలోనే! తర్వాతి నెలలో మునిసిపల్ ఎన్నికల్లో పార్టీ దెబ్బతినడంతో రాజీనామా చేశారు, 2016లో విదేశాంగ మంత్రిగా తిరిగొచ్చారు.

ఇంటర్వ్యూ చేసినావిడ ప్రధానిని ఎవరు నియమిస్తారని అడిగితే ఎరో పేరుతోనే మొదలుపెట్టాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, ఊళ్లో మీకు ముఖ్యమనిపించే చోటు ఏదని అడిగారు. నది ఒడ్డున బానిసత్వ నిర్మూలన స్మారకం అని చెప్పాను, అదీ ఆయన హయాంలో 2012లో తెరిచిందే. అక్కడ నేల మీద గాజు పలకలుంటాయి, వాటిలో చాలావాటి మీద ఒక్కో బానిస ఓడ పేరు. ఫ్రాన్స్‌లో బానిసల వ్యాపారానికి అతిపెద్ద రేవు మా ఊరే, ఆ మాట దాచకుండా నడివీధిలో రాసుకున్న ఊరు కాబట్టి నాకు గౌరవం అన్నాను. చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం, మిగతా ప్రశ్నలు చకచకా అయిపోయాయి.

కొన్ని నెలలకి డిక్రీలో, అంటే పౌరసత్వం ఇచ్చే ప్రభుత్వ ఉత్తర్వులో, నా పేరొచ్చింది.