లాక్ చెప్పని మనవరాలు

పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు, అడిగింది పెద్దవాళ్లయినా సరే. కాలిఫోర్నియాలో మా అమ్మాయికి చిన్న తరగతుల నుంచీ బడిలో నూరిపోసిన మాట ఇది. పెద్దవాళ్లు అడిగితే లేదనకూడదన్నది విశాఖలో నాన్న నాకు నేర్పిన మాట. ఈ రెండిటికీ తగువు వచ్చింది జగదాంబ జంక్షన్ దగ్గర ఓ రిపేరు కొట్టు ముందు.

సెలవులకు ఎం.వి.పి. కాలనీలో నాన్నవాళ్లింటికి వచ్చాం. అక్కడ మా ఇంటినిండా కార్పెట్టే కాబట్టి అమ్మాయి టాబ్లెట్ జారిపడినా చెల్లిపోయేది. ఇక్కడ మంచం మీంచి మార్బుల్ నేల మీద పడింది. అద్దం పగల్లేదు, ఓ మూల సొట్ట పడిందంతే. కానీ ఆన్ కాదు.

నాన్న అనుమానం కరెంటు మీద. "అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ఛార్జరు కాలిపోయుంటుంది" అన్నారు. పిల్ల ఛార్జరు తిప్పి, దాని మీది చీమతలకాయంత అక్షరాలు చదివి వినిపించింది: 100 నుంచి 240. అమ్మయితే బియ్యం డబ్బాలో పెట్టమంది. తడవలేదు కదమ్మా అంటే, "పెడితే పోయేదేముంది?" అంది.

ముందు వెనకభాగం ఉబ్బిందేమో చూశాను. ఉబ్బిన లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడమే ప్రమాదం. అలాంటిదేమీ లేదు. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే తెర మీద గుర్తు రావడానికే కాసేపు పడుతుందని అరగంట ఛార్జింగ్‌లో ఉంచాం. తర్వాత పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కిపట్టాం. తెర నల్లగానే ఉంది గానీ, లోపల్నుంచి ఎప్పుడూ వచ్చే ట్యూన్ వినిపించింది. ప్రాణం ఉంది, బొమ్మే రావట్లేదు. సరే, కొట్టుకి వెళ్లాం.

"ఏటైంది మేడమ్?" అంటూ కుర్రాడు చీటీ తీసి పేరు, ఫోన్ నంబరు రాసుకున్నాడు. "లాక్ ఏటి?"

"చెప్పను" అంది మా అమ్మాయి.

నాన్న మొహం ఎర్రబడింది. "తప్పమ్మా, బాగుచేసే మనిషితో అలాగేనా మాట్లాడేది?"

"తెర బాగుచేయడానికి లాక్ ఎందుకు తాతయ్యా?"

టచ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూడాలి కదా అన్నాడు కుర్రాడు. అదీ నిజమే. కానీ పిల్ల మాటే నాకు సబబనిపించింది. అందులో దాని ఫోటోలున్నాయి, బడి మెయిలుంది, నా కార్డు వివరాలున్నాయి. చీటీ మీద పాస్‌వర్డ్ రాసి టాబ్లెట్‌కి అంటించి వదిలేయడం నాకూ ఇష్టం లేదు. ఇప్పుడు కొన్ని ఫోన్లలో రిపేర్ మోడ్ అని ఉంటోంది, మన వివరాలు కనబడకుండా చేస్తుంది. అది పెట్టాలన్నా ముందు తెర వెలగాలిగా! అయితే ఇక్కడ లేదనే పద్ధతి వేరు. లేదనకుండా ఇంకో దారి చూపించాలి. "నేను కూర్చుని తెరిచిస్తానని చెప్పు" అని దాని చెవిలో చెప్పాను. చెప్పింది. "ఓ, అలాగే కూర్చో పాపా" అని స్టూలు జరిపాడు.

అంచులు వేడిచేసి, ప్లాస్టిక్ ముక్కతో జిగురు విడదీసి, ముందుగా బ్యాటరీ కనెక్షన్ తీశాడు. పడిన అదురుకి తెరని లోపలి బోర్డుకి కలిపే డిస్‌ప్లే స్ట్రిప్ కనెక్టర్ ఊడిందట. కొత్త తెర అక్కర్లేకపోయింది. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి రిపేరు హక్కు చట్టం అమల్లో ఉంది, విడిభాగాలూ మాన్యువళ్లూ కంపెనీలు ఇవ్వాల్సిందే. అయినా మా ఇంట్లో ఏదైనా పాడైతే వచ్చేది కొత్తదే. వస్తువు పొట్ట విప్పి చూడ్డం పిల్లకిదే మొదలు. కుర్రాడి భుజం మీదకి వంగిపోయింది, లేవమన్నా లేవదు.

తెర వెలగగానే అరచెయ్యి అడ్డం పెట్టుకుని నంబర్లు నొక్కింది. అతను పనిగట్టుకుని ఫ్యాను వైపు మొహం తిప్పుకున్నాడు.

ఆ ఊపులో తాతయ్య మీద పడింది. ఆయన ఏటీఎం పిన్ కార్డు కవరు మీదే రాసి ఉంది మరి. కవరు చింపించింది. ఏటీఎంకి తీసుకెళ్లి పిన్ మార్పించి, కొత్తది తనక్కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

మేం తిరిగొచ్చాక నాన్న ఫోన్ చేశారు. "దానికి చెప్పకు గానీ, పిన్ నువ్వు ఎక్కడైనా రాసిపెట్టుకో" అని నాలుగు అంకెలూ చదివేశారు.