ప్రయాగ, కాశి, గయ: కొన్ని ఫొటోలు, ఫొటోలకు అందనివి

మేము తిరిగి వచ్చినప్పటి నుంచి చుట్టాలందరిదీ ఒకటే అడగడం: "ఫొటోలు ఏవి?" ఇవిగో, చూడండి. కాకపోతే ముందే ఒక సంగతి చెప్పాలి. ఏ చోట్ల కోసం అంతదూరం వెళ్లామో ఆ చోట్ల ఫొటోలు ఇందులో లేవు. కాశీ విశ్వనాథుడి గుడిలోకి ఫోను రానివ్వరు. బోధగయలో మహాబోధి ఆలయంలోకీ రానివ్వరు. గయలో పిండాలు పెట్టే చోట చేతులు ఖాళీగా ఉండవు, ఉన్నా ఫోను తీయడానికి మనసొప్పదు. కాబట్టి మీకు కనిపించేవి పడవలు, మెట్లు, పక్షులు, మట్టి ముంతలు, ప్రతి ఫొటోలోనూ మా వారి గోధుమరంగు మఫ్లరు. మిగతాది చెబితే వినాల్సిందే.

"ప్రయాగలో ముండనం, కాశీలో దండం, గయలో పిండం" అని పెద్దల మాట. మేమూ ఆ వరుసలోనే వెళ్లాం. సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బోగీలో సగం మంది మనవాళ్లే. నాగపూర్ రాకముందే ఎవరి పులిహోర ఎవరు తింటున్నారో తెలియనంతగా కలిసిపోయారు. జబల్‌పూర్ దాటాక పొగమంచు కమ్మేసింది. అక్కడి నుంచి రైలు నడిచిందనడం కన్నా దారి తడుముకుందనడం సబబు. ప్రయాగ్‌రాజ్ ఛివ్కీ స్టేషన్‌లో దిగేసరికి మరిది ఒంటి మీద ఉన్న రెండు స్వెట్టర్లూ చాలక తోడికోడలి శాలువా కూడా ఆయన మీదికే చేరింది.

త్రివేణీ సంగమం ఫొటోలు బాగా వచ్చాయి. ఆ తెల్ల పక్షులు ఏటా చలికాలంలో వలస వచ్చేవి. పడవల మీద కారప్పూస పొట్లాలు అమ్ముతారు. గుప్పెడు విసిరితే చాలు, వందల పక్షులు నెత్తిమీద అరుస్తూ వాలతాయి. పక్షులకు కారప్పూస పెట్టడమేమిటని మా వారు నడి గంగలో ఉపన్యాసం మొదలుపెట్టారు, ఎవరూ వినలేదు. రెండో ఫొటోలో జాగ్రత్తగా చూస్తే నీటి మీద గీత లాంటిది కనిపిస్తుంది. ఇటు మట్టిరంగులో ఉన్నది గంగ, అటు పచ్చగా, నిమ్మళంగా ఉన్నది యమున. సరస్వతి ఎటూ అంతర్వాహినే. సంగమం దగ్గర పడవల మధ్య చెక్కలు పరిచి, తాళ్లు కట్టి ఉంటాయి. ఆ తాడు పట్టుకుని మునగడమే. మొదటి మునక చలికి, రెండోది భక్తికి. మూడోసారి మునిగినట్టు నాకు గుర్తే లేదు.

వేణీదానం ఫొటో అడగకండి, నేనే తీయనివ్వలేదు. మన దక్షిణాది దంపతులు అక్కడికి వెళ్తే చేసే తంతు ఇది. భర్త చాప మీద కూర్చుని భార్యను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల దువ్వి, జడ అల్లి, పూలు పెట్టి, చివర రెండంగుళాలు కత్తిరించి త్రివేణికి సమర్పిస్తాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మా వారు నా జడ అల్లింది లేదు. మూడు పాయలు చేతిలో పట్టుకుని ఏ పాయ దేని మీదికి వెళ్లాలో తెలియక పురోహితుడి వైపు చూశారు. ఆయన, "మీ ఇష్టం సార్, గంగమ్మ ఏమీ అనుకోదు" అన్నారు. ఒళ్లో కూర్చోవడానికి నాకు సిగ్గేసింది గానీ, మోకాళ్ల నొప్పుల మనిషి నా బరువు ఎలా ఆపారా అన్నదే అసలు దిగులు. మామూలుగా నీళ్ల మీద తేలే జుట్టు అక్కడ మునిగిపోతుందంటారు. మాది మునిగింది. మహిమో, పసుపూ కుంకుమా పూలూ కలిపి మూటకట్టిన బరువో, మీరే తేల్చుకోండి.

కోట పక్కనే హనుమంతుడు పడుకుని ఉంటాడు. నిజంగానే వెల్లకిలా, నేలమట్టానికి దిగువన. వానాకాలంలో గంగ పొంగి ఆయన్ను ముంచెత్తుతుంది. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో "ప్రయాగే మాధవేశ్వరీ" అని చదువుకుంటాం కదా, ఆ అమ్మవారిని అలోపీ దేవి గుడిలో దర్శించుకోవాలి. అక్కడ విగ్రహం లేదు, ఒక డోలీ ఉంది. జనం దానికే దండం పెడతారు. మొదట వింతగా అనిపించింది. కళ్లు మూసుకుని దండం పెట్టే అలవాటున్న నాకు ఆ తరువాత ఏ లోటూ కనిపించలేదు.

కాశీలో దిగింది కేదార్ ఘాట్ దగ్గర్లో, తెలుగువాళ్ల సత్రంలో. సందులో అడుగుపెట్టగానే "రండమ్మా, చీరలు చూడండమ్మా" అని వినిపిస్తుంది. పలికేవాడు పుట్టి పెరిగింది అక్కడే, తెలుగు మాత్రం మన యాత్రికులు నేర్పిందే. తెలుగులో రాసిన బోర్డులూ ఉన్నాయి. 2023లో గంగా పుష్కరాలకు మనవాళ్లు వచ్చిన రద్దీ గురించి పడవవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఎరుపు, తెలుపు చారల మెట్లున్న ఫొటో కేదార్ ఘాట్‌దే. దాని పక్కనే విజయనగరం రాజుల పేరుతో ఒక ఘాట్ ఉంది.

పడవ ఫొటోలన్నీ తెల్లవారుజామున తీసినవి. కాశీలో గంగ ఉత్తరానికి ప్రవహిస్తుంది, ఊరంతా పడమటి ఒడ్డునే ఉంది. తూర్పు ఒడ్డున ఇసుక తప్ప ఏమీ లేదు. అందుకే సూర్యుడు అడ్డులేకుండా నేరుగా మెట్ల మీదికి వస్తాడు. హరిశ్చంద్ర ఘాట్ దగ్గరికి రాగానే మరిది గొంతు సవరించుకున్నాడు. చిన్నప్పుడు ఊళ్లో తెల్లవార్లూ పద్యనాటకం చూసిన మనిషి, కాటిసీను రాగం ఎత్తకుండా ఉంటాడా? పడవవాడు తెడ్డు ఆపి విన్నాడు. ఒడ్డున నిజంగానే రెండు చితులు కాలుతున్నాయి. అది చూసి మరిది సగం పద్యంలోనే ఆపేశాడు. మణికర్ణిక ముందు పడవవాడే "ఫోన్లు లోపల పెట్టండి" అన్నాడు. కట్టెలు మేడల్లా పేర్చి ఉన్నాయి, వాటిని తూచడానికి పెద్ద పెద్ద త్రాసులు. అక్కడ ఫొటో తీయకపోవడమే మర్యాద, అయినా తీసేవాళ్లు కనిపించారు. ఆ పక్కనే ఉన్న రత్నేశ్వర మహాదేవ్ గుడిని మాత్రం తీశాను. ఫొటో వంకరగా లేదు, గుడే ఒరిగి ఉంది. ఏడాదిలో చాలా నెలలు దాని గర్భగుడి నీళ్లలోనే ఉంటుంది. పంచగంగా ఘాట్‌లో త్రైలింగ స్వామి మఠం చూశాం. విజయనగరం ప్రాంతంలో పుట్టి కాశీ చేరి, 1887లో సిద్ధి పొందేదాకా అక్కడే ఉన్న యోగి ఆయన. మన పక్క ఊరి మనిషి ఇల్లు చూసినట్టనిపించింది.

విశ్వనాథుడి దర్శనానికి ఫోన్లు వీధిలో ఒక పూల దుకాణంలో పెట్టాం. పెట్టెకు డబ్బు తీసుకోరు, పూలూ పాలూ వాళ్ల దగ్గరే కొనాలి. లెక్క ఒకటే. ఇప్పుడున్న గుడిని 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించారు, శిఖరాల బంగారం మహారాజా రంజిత్ సింగ్ ఇచ్చింది. 2021 డిసెంబరులో కారిడార్ వచ్చాక లలితా ఘాట్ నుంచి నేరుగా గుడికి నడవవచ్చు. పాత సందులు ఎరిగిన మా వారికి ఆ వైశాల్యం నచ్చలేదు, వరుసలో నిలబడలేని నాకు నచ్చింది. గర్భగుడిలో వెండి తొడుగు వేసిన నలుచదరపు కుండం, అందులో చిన్న లింగం. అంత దేశం కదిలి వచ్చేది ఇంత చిన్న రాయి కోసమా అనిపించిన మరుక్షణం పోలీసు "చలియే" అన్నాడు. కన్ను నిండా చూసింది మాత్రం మీర్ ఘాట్ సందులోని విశాలాక్షినే. అమ్మవారి వెనుక పాత మూర్తి ఒకటి ఉంటుంది, కాస్త వంగి చూడాలి. తెలియని వాళ్లు ముందున్న మూర్తిని చూసి వెళ్లిపోతారు. అన్నపూర్ణ దగ్గర పిడికెడు బియ్యం ఇచ్చారు, ఇంటి బియ్యం డబ్బాలో కలిపాను.

పసుపు నురగ ఉన్న ముంత ఫొటో చూసి ఐస్‌క్రీమా అని అడిగారు. దాన్ని మలయ్యో అంటారు, చలికాలంలోనే దొరుకుతుంది. పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, పొద్దున్నే చిలికి, ఆ నురగలో కుంకుమపువ్వు, ఏలకులు కలుపుతారు. చెంచాతో నోట్లో పెట్టుకుంటే నాలుకకు తగలకముందే మాయం, తీపి మాత్రం మిగులుతుంది. అయిపోయాక అదే ముంతలో కాసిన్ని తీపి పాలు పోస్తారు. ఎండెక్కితే ఇక దొరకదు.

కాశీలో ఉండగానే ఇంకో పని పడింది. గయలో చెప్పడానికి తండ్రి వైపు, తల్లి వైపు మూడేసి తరాల పేర్లు, గోత్రాలు రాసుకురమ్మన్నారు పురోహితులు. మగవాళ్ల పేర్లు మా వారు, మరిది పోటీపడి గడగడా రాసేశారు. ఆడవాళ్ల దగ్గర కలం ఆగింది. మా అత్తగారి నాయనమ్మ పేరు ఎవరికీ తెలియదు. ఊళ్లో ఉన్న మా వారి పిన్నికి ఫోను చేస్తే, "మామ్మ అనేవాళ్లం. మామ్మకు పేరేమిట్రా?" అని ఆవిడే ఎదురడిగింది. పేరు తెలియకపోతే గోత్రం చెప్పి కానివ్వవచ్చన్నారు పురోహితులు. నాకది మింగుడుపడలేదు. మర్నాడు పిన్ని దగ్గర నుంచి ఒక ఫొటో వచ్చింది. అటక మీది ఇత్తడి బిందె, చింతపండుతో తోమిన జాగా, మూతి కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. పుట్టింటివాళ్లు సారెలో పెట్టి పేరు కొట్టించిన బిందె. ఇన్నేళ్లూ అందులో ఊరగాయ ఉప్పు పోసుకున్నారట. ఈ ఫొటోల్లో నేను తీయనిది అదొక్కటే, ముందు దాన్నే చూడండి.

గయకు రైల్లో వెళ్లాం. దారిలో డెహ్రీ దగ్గర సోన్ నది మీద మూడు కిలోమీటర్ల వంతెన వస్తుంది, 1900లో తెరిచినది. కిటికీలోంచి తీసిన ఆ ఫొటోలో ఇసుకే ఎక్కువ. ఫల్గుణీ నది కూడా అలాగే ఎండిపోయి ఉంటుందనుకున్నాను. సీతమ్మ శాపం వల్ల ఆ నది ఇసుక కింద పారుతుందని కదా కథ. 2022లో విష్ణుపాదం దగ్గర రబ్బరు ఆనకట్ట కట్టారు, ఇప్పుడు మెట్ల దాకా నీళ్లున్నాయి. కథ తెలిసిన వాళ్లంతా ఒడ్డున నిలబడి శాపమూ ఆనకట్టా కలిపి మాట్లాడుకుంటున్నారు.

విష్ణుపాద ఆలయం కూడా అహల్యాబాయి కట్టించిందే, 1787లో. నల్లరాతి మంటపంలో, వెండి అంచు మధ్య జానెడున్నర పాదం గుర్తు. పిండాలు దాని మీదే వేస్తారు. అక్కడ నన్ను కదిలించింది మాతృషోడశి. తల్లికి విడిగా పదహారు పిండాలు. ఒక్కొక్కదానికి ముందు ఆమె పడ్డ ఒక్కో కష్టం చెబుతారు: కడుపున మోసినది, పురిటి నొప్పులు, రాత్రులు మేలుకున్నది, బిడ్డకు జబ్బు చేస్తే పస్తున్నది. చివర ప్రతిసారీ "మాతృపిండం దదామ్యహం". మా పురోహితులు ఒక్కో శ్లోకానికీ తెలుగులో అర్థం చెప్పారు. నాలుగో పిండానికి మా వారి గొంతు పోయింది, ఆరోదానికి మరిది కూడా. పక్క వరుసలో బీహారీ పెద్దాయన, ఆ వెనుక ఒరియా కుటుంబం, అందరిదీ అదే పరిస్థితి. బతికుండగా అమ్మతో పోట్లాడిన కొడుకులే ఎక్కువ ఏడుస్తారని పురోహితులు అన్నారు, మా అన్నదమ్ములు తలెత్తలేదు. బిందె మీది పేరు కూడా ఆ పూటే పలికారు, గోత్రంతో సహా. తరువాత మా అమ్మా నాన్నలకూ, బిడ్డలు లేని మా మేనత్తకూ, చివరికి పేరూ ఊరూ తెలియని వాళ్లకూ పిండాలు పెట్టించాను. అక్కడ ఎవరి పేరు మీదైనా పెట్టవచ్చు, చుట్టరికం అడగరు.

దక్షిణల దగ్గర మాత్రం బేరాలు తప్పలేదు. ఒకచోట ముందు ఒక మొత్తం చెప్పి, తంతు మధ్యలో ఇంకోటి అడిగారు. శ్రాద్ధం మధ్యలో కాదనలేమని వాళ్లకు తెలుసు. వెళ్లేవాళ్లు సంకల్పం చెప్పకముందే మొత్తం మాట్లాడుకోండి.

సాయంత్రం బోధగయ. మధ్యాహ్నమంతా ఆ రణగొణ మధ్య ఉండి వచ్చామేమో, బోధివృక్షం కింద అంతమంది నోరెత్తకుండా కూర్చోవడం చూస్తే చెవులు దిబ్బడ వేసినట్టయింది. టిబెటన్ భిక్షువులు చెక్కల మీద సాష్టాంగాలు చేస్తూనే ఉన్నారు. ఆకు రాలితే పదిమంది లేస్తారు. మాకు దొరకలేదు.

గయలోనే అక్షయవటం అనే మర్రిచెట్టు దగ్గర ఇష్టమైన కాయ, పండు, ఆకు వదిలేయాలి. మా వారు తెలివిగా కివిపండు అన్నారు. "ఎప్పుడైనా తిన్నారా?" అని అడిగారు పురోహితులు. చివరికి సపోటాకు ఒప్పుకున్నారు. నేను సీతాఫలం వదిలాను. మరిది ఉద్వేగంలో "వంకాయ" అనేశాడు. వారానికి రెండుసార్లు గుత్తివంకాయ వండే తోడికోడలు ఆయన వైపు చూసిన చూపు ఫొటో తీయనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

సీలు వేసిన గంగ చెంబు దేవుడి గూట్లో ఉంది, సమారాధన వచ్చే ఆదివారం, అందరూ రావాలి. ముందు రామేశ్వరం వెళ్లి ఇసుక తెచ్చి ప్రయాగలో కలపాలి, ఆ గంగ తీసుకెళ్లి రామలింగేశ్వరుడికి అభిషేకం చేయాలి, మీరు వెనక నుంచి మొదలుపెట్టారని పిన్ని ఫోనులో చీవాట్లు పెట్టింది. రామేశ్వరానికి తానూ వస్తుందట. కింది బెర్తు ఇప్పిస్తేనే.