గండిపేట నుంచి అంబర్‌పేట దాకా ఒక రెండో శనివారం

మన హైదరాబాద్ నగరంలో మంచినీళ్ళ పని చేసే కుర్రకారుకూ, మురుగునీళ్ళ పని చేసే కుర్రకారుకూ ముఖపరిచయం కూడా ఉండదు. రెండు పనులనూ 1989లో ఏర్పడిన జలమండలి ఒక్కటే చూసుకుంటున్నప్పటికీ, కోదండాపురంలో కృష్ణా నీటిని శుద్ధి చేసే కెమిస్టుకూ, నాగోలు మురుగు శుద్ధి కేంద్రంలో షిఫ్టు నడిపే ఆపరేటరుకూ, మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చుని ఇలాంటి కేంద్రాలకు డ్రాయింగులు గీసే నాలాంటి కన్సల్టెంటుకూ మధ్య కాగితాలు నడుస్తాయి గానీ మాటలు నడవవు. ఈ వెలితి కొంతైనా పూడ్చుకుందామని మేము నలుగురం మిత్రులం కలిసి నాలుగేళ్ళుగా, అనుమతులు దొరికినప్పుడల్లా, రెండో శనివారం నాడు యువ ఇంజనీర్లను ఒక మినీ బస్సులో ఎక్కించుకుని ఊరు తిప్పుతున్నాం. దీన్ని విజ్ఞాన యాత్ర అని పిలవడానికి నాకు మొదట్లో మొహమాటంగా ఉండేది, అందుకు కారణముంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వెళ్ళిన మొదటి విజ్ఞాన యాత్రలో అరవై మందిమి రెండు బస్సుల్లో ఒక శుద్ధి కేంద్రానికి వెళ్ళాం. దాని పేరు ఇక్కడ అనవసరం. గేటు దగ్గర పూలగుచ్ఛం, మీటింగు హాల్లో గంటన్నర పవర్‌పాయింట్, సమోసా, టీ, ఆపైన క్లారిఫయర్ (బురద అడుగుకు దిగే పెద్ద తొట్టి) చుట్టూ ఇరవై నిమిషాల ప్రదక్షిణ, చివరికి బోర్డు కింద గ్రూపు ఫొటో. మోటార్ల హోరులో ముందు వరసలో నిలబడ్డ పదిమందికి తప్ప ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదు. లక్ష మంది మురుగును శుద్ధి చేసే ఆ ఆవరణలో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదన్న సంగతి మాత్రం మాతో వచ్చిన అమ్మాయిలకు బాగా తెలిసొచ్చింది. అందుకే ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముందుగా ఫోన్ చేసి మొట్టమొదట అడిగే ప్రశ్న అదే.

రెండో యాత్ర నాకు చెంపపెట్టు. ఒక గేటెడ్ కమ్యూనిటీలో నేనే డిజైన్ చేసిన చిన్న ఎస్‌టీపీని (మురుగు శుద్ధి కేంద్రాన్ని), అది కట్టిన మూడేళ్ళకు, నలుగురు జూనియర్లకు చూపించడానికి తీసుకెళ్ళాను. శాంపిల్ పట్టే నల్లాను నేను రెండు పైపుల సందులో, నేలకు ఆరడుగుల పైన పెట్టాను. కాగితం మీద అది ఎవరికీ అడ్డం రాలేదు. యాభై ఏళ్ళు దాటిన అక్కడి ఆపరేటరు, నేనెవరో తెలియక, మా వాళ్ళతో అన్నాడు: “గీ నల్లా ఎవలు పెట్టిన్రో గానీ, ఒక్కపారి ఆయన్నే పిలిచి సీసా పట్టమనాలె.” నేనేనని ఒప్పుకున్నాను. ఆయన నవ్వి, మూలనున్న వెదురుకర్ర తెచ్చి చూపించాడు. దాని చివర తీగతో సీసా కట్టి మూడేళ్ళుగా దానితోనే శాంపిళ్ళు పడుతున్నాడట. ఆ తర్వాత నేను గీసిన ప్రతి డ్రాయింగులోనూ శాంపిల్ నల్లా నడుము ఎత్తున ఉంది.

అప్పటినుంచి మా యాత్రకు కొన్ని పట్టింపులు ఏర్పడ్డాయి. పద్దెనిమిది మందికి మించి ఎక్కించుకోము. ప్రసంగాలు వద్దని ముందే బతిమాలుకుంటాము. ఎస్‌టీపీకి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు చేరుకుంటాము, ఎందుకంటే రెండింటికి షిఫ్టు మారుతుంది గనుక దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఇద్దరూ దొరుకుతారు. పొద్దుటి షిఫ్టు వాళ్ళు లాగ్‌బుక్కులో రాయకుండా నోటితో అప్పగించే విషయాలు వినడానికి అంతకన్నా మంచి వేళ లేదు.

యాత్ర మొదలయ్యేది నీళ్ళ దగ్గర కాదు, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మీద ఎగువన మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే) 1920లో, ఈసీ నదికి అడ్డంగా హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు సైతం ఆ జంట జలాశయాల తలపు వరద నుంచి పుట్టిందని తెలియదు. సెప్టెంబరు 15న ఖైరతాబాద్‌లోని విశ్వేశ్వరయ్య భవన్‌లో ఇంజనీర్ల దినోత్సవ ప్రసంగాలు వినే పిల్లలు ఒక్కసారి ఈ చెట్టు కింద నిలబడితే, వరదనీటి లెక్క అంటే ఏమిటో పుస్తకం కన్నా ముందే అర్థమవుతుంది.

అక్కడినుంచి గండిపేట. కట్ట మీద మేము చూపించేది నీటిమట్టాన్ని కాదు, వాలును. ఇక్కడి నీళ్ళు కాలువలో తమంతట తామే జారుకుంటూ ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరతాయి, పంపు అక్కర లేదు. కృష్ణా నీళ్ళను మాత్రం 2004లో మొదలైన పథకంలో వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, మెట్టు మెట్టుగా ఎత్తిపోసుకుంటూ తెచ్చుకుంటున్నాం. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్ళ దూరం ఇంకా ఎక్కువ. కరెంటు బిల్లు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఆసిఫ్‌నగర్‌లో గంటసేపు ఒకే బల్ల దగ్గర నిలబడతాము. ఆరు బీకర్లలో ముడి నీళ్ళు పోసి, ఒక్కోదానిలో పటిక మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలియబెడతారు. పదిహేను నిమిషాలకు ఒక బీకరులో దూదిపింజల్లాంటి తెట్టు కట్టి కిందికి దిగుతుంది. పక్క బీకరులో నీళ్ళు ఇంకా బియ్యం కడిగిన కుడితిలాగానే ఉంటాయి. ఈ జార్ టెస్టును కాలేజీలో అందరూ చేసినవాళ్ళే. కానీ ఆ పూట ఊళ్ళోకి పోయే నీళ్ళలో కలిపే పటిక మోతాదు ఆ బీకరును బట్టే ఖాయమవుతుందని తెలిసినప్పుడు చూసే చూపు వేరు. క్లోరిన్ సిలిండర్ల షెడ్డు దగ్గర, అమ్మోనియాలో తడిపిన గుడ్డను కర్రకు చుట్టి వాల్వుల చుట్టూ తిప్పి చూపిస్తారు: లీకు ఉంటే ఆ చోట తెల్లటి పొగ లేస్తుంది. సెన్సర్లు ఉన్నా పాతకాపులు ఆ కర్రను వదలరు, వదలకూడదు కూడా.

భోజనాలయ్యాక మూసీ ఒడ్డున అంబర్‌పేట. 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల సామర్థ్యం ఉన్న ఆ కేంద్రం యూఏఎస్‌బీ పద్ధతిలో కట్టినది. మురుగు అడుగు నుంచి మెల్లగా పైకి లేస్తూ, గాలి తగలని బురదపొర గుండా పోతుంది. అందులోని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తిని గ్యాసు విడుస్తాయి. రియాక్టరు నుంచి బయటికొచ్చే నీళ్ళు నల్లగా, కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో ఉంటాయి గనుక ఆ తర్వాత చెరువుల్లో గాలి పట్టించాల్సిందే. ఇప్పుడు నగరంలో వస్తున్న కొత్త ఎస్‌టీపీలు దాదాపు అన్నీ ఎస్‌బీఆర్ పద్ధతివి. నింపడం, గాలి ఊదడం, నిలవనివ్వడం, తేటను వంచడం అన్నీ ఒకే తొట్టిలో వంతులవారీగా జరుగుతాయి. బయటికొచ్చే నీటి తేటలో ఎస్‌బీఆర్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. అయితే కుర్రవాళ్ళు యూఏఎస్‌బీని పాతచింతకాయ పచ్చడిలా తీసిపారేస్తే నేను వాదనకు దిగుతాను: మన ఎండలకు సరిపడే పద్ధతి అది, పైగా దాని సూక్ష్మజీవులకు గాలి ఊదే బ్లోయర్ తిరగాల్సిన పని లేదు.

ఎస్‌బీఆర్‌ను చూపించడానికి వేరే కేంద్రానికి వెళ్ళినప్పుడు మేము పట్టుబట్టి చేయించేది లీటరు గాజు కొలపాత్రతో అరగంట పరీక్ష. తొట్టిలోంచి తెచ్చిన బురదనీళ్ళను అందులో పోసి, ఎవరూ ముట్టుకోకుండా ముప్పై నిమిషాలు ఆగుతాము. మూడువందల మిల్లీలీటర్ల గీత దగ్గర బురద చదునుగా కూర్చుని పైన నీళ్ళు తేటగా ఉంటే ఆపరేటరు ముఖం కూడా తేటగా ఉంటుంది. ఎనిమిదివందల దగ్గరే వేలాడుతుంటే ఆయన మాట్లాడటం మానేసి బ్లోయర్ల వైపు నడుస్తాడు. రంగు చాక్లెట్‌లా ఉండాలి, వాసన తొలకరి మట్టిలా ఉండాలి. ఈ రెండూ ఏ మాన్యువల్‌లోనూ ముక్కుకు తెలిసేలా రాయలేరు. ముక్కును ఎంతవరకు నమ్మాలో కూడా అక్కడే చెబుతాము. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడే వాసన తెలుస్తుంది, మోతాదు మించితే ముక్కు మొద్దుబారి ఏ వాసనా రాదు. వాసన లేదని మ్యాన్‌హోల్‌లోకి తొంగిచూసి పోయిన ప్రాణాలు ఎన్నో. మురుగుకాలువల్లోకి మనిషిని రక్షణ లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది, కానీ దింపేది కాంట్రాక్టరైనా డ్రాయింగు మీద సంతకం మనదేనని పిల్లలకు గుర్తుండాలి.

ఇక పరిచయాల సంగతి. ఇంటర్నేషనల్ వాటర్ అసోసియేషన్ వంటి సంస్థలు 35 ఏళ్ళ లోపు వాళ్ళను యువ నిపుణులుగా లెక్కించి వాళ్ళకు ప్రత్యేక వేదికలు కల్పిస్తున్నాయి, అది మెచ్చుకోవలసిన పని. అయితే స్టార్ హోటల్ సదస్సులో విజిటింగ్ కార్డులు మార్చుకున్నవాళ్ళు మళ్ళీ ఫోన్లు చేసుకోవడం నేను పెద్దగా చూడలేదు. మా బస్సులో ప్రతి మజిలీకి సీటు మారాలన్నదొక్కటే నియమం, మంచినీళ్ళవాళ్ళ పక్కన మురుగువాళ్ళు కూర్చోవాలి. ట్రాఫిక్‌లో చాదర్‌ఘాట్ వంతెన దాటేలోపు వాళ్ళ జీతాల దగ్గర్నుంచి పంపు సీళ్ళ దాకా అన్నీ మాట్లాడుకుంటారు. వంతెన కింది మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి పులిచింతలకు పోతుందని, మనం వదిలిన నీళ్ళు దిగువన ఇంకొకరి ముడి నీళ్ళవుతాయని వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారు.

మొన్న జూలైలో, జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో కెమిస్టుగా పనిచేసే అమ్మాయికి రాత్రి పదకొండింటికి ఎర్రనీళ్ళు వచ్చిపడ్డాయి. పటిక ఎంత పెంచినా తెట్టు కట్టడం లేదు. బస్సులో తన పక్కన కూర్చున్న ఎస్‌టీపీ కుర్రవాడికి ఫోన్ చేసింది. “అన్నా, పటిక రెట్టింపు చేసినా నీళ్ళు విరగట్లే.” అతను పీహెచ్ ఎంతుందని అడిగాడు. ఐదున్నర. వాననీళ్ళలో క్షారత తక్కువగా ఉండటం వల్ల పటిక దాన్ని తినేసి పీహెచ్‌ను పడగొట్టిందని, ఇంకా పటిక పోస్తే ఇంకా చెడుతుందని, ముందు సున్నం కలపమని చెప్పాడు. సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చే నైట్రిఫికేషన్‌తో క్షారత పడిపోయే బాధ అతనికి తన తొట్టిలో రోజూ ఉండేదే. తెల్లవారుజామున మూడింటికి అతనికి ఒక బీకరు ఫొటో వచ్చింది, అడుగున తెట్టు, పైన తేట.

తర్వాతి రెండో శనివారం ఆ అమ్మాయి సున్నం బాకీ తీరుస్తానంటూ డబ్బా నిండా సర్వపిండి తెచ్చింది. ముందు సీట్లో కూర్చున్న మా దాకా రాకముందే, గండిపేట కట్ట ఎక్కేలోపు, అది వెనక సీట్లలోనే ఖాళీ అయిపోయింది.